కంచె లేని పొలం ఎవరిది? వలసవాదులు, మూలవాసుల మధ్య ఘర్షణలకు వెనకున్న కథ

క్లుప్తంగా: వలసవాదులకూ మూలవాసులకూ మధ్య జరిగిన యుద్ధాలకు భూమి మీద ఆశే కారణమని అంటారు. అది నిజమే కానీ పూర్తి నిజం కాదు. ఎదుటివారి భూమి హక్కు, చట్టం, మర్యాద తమ వాటిలా లేకపోవడంతో అవి అసలు లేనే లేవని వలసవాదులు అనుకున్నారు. ఆశకు చట్టం రూపం ఇచ్చింది ఈ ఆలోచనే. దీన్నే ఎథ్నోసెంట్రిజం, తెలుగులో స్వజాతి కేంద్రీయత అంటారు. దాని ఫలితాలు నేటి కోర్టుల్లో, పార్లమెంటుల్లో ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

2024 నవంబర్ 14న న్యూజీలాండ్ పార్లమెంటులో ఒక బిల్లు మీద ఓటింగ్ జరుగుతోంది. అక్కడి మూలవాసులైన మావోరీలకు చెందిన ఎంపీ హానా రావ్హిటి మైపి క్లార్క్ లేచి నిలబడి, చేతిలో ఉన్న బిల్లు ప్రతిని రెండుగా చించి, హాకా అనే సంప్రదాయ నృత్యం మొదలుపెట్టారు. తోటి సభ్యులు కొందరు, గ్యాలరీలో కూర్చున్నవారు గొంతు కలిపారు. స్పీకర్ సభను కాసేపు ఆపేయాల్సి వచ్చింది. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది.

మావోరీ నాయకులకూ బ్రిటిష్ వారికీ మధ్య 1840లో కుదిరిన వైటాంగి ఒప్పందం సూత్రాలకు కొత్త నిర్వచనం ఇవ్వాలన్నది ఆ బిల్లు ఉద్దేశం. 2025 ఏప్రిల్ 10న 112–11 ఓట్ల తేడాతో అది వీగిపోయింది. 184 ఏళ్ల నాటి కాగితం మీద ఇప్పుడింత రగడ ఎందుకన్నది బయటివాళ్లకు అర్థం కాలేదు. ఆ ఒప్పందం సంగతి తర్వాత చూద్దాం. దానికన్నా ముందే, ఇంకో ఖండంలో, పందులు మొదలుపెట్టిన తగాదా ఒకటి ఉంది.

## మాట కొత్తది, గుణం పాతది

ఎథ్నోసెంట్రిజం అన్న మాటను వాడుకలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విలియం గ్రాహం సమ్నర్. 1906లో ఆయన దీన్ని వివరించారు. సొంత సమూహాన్ని అన్నిటికీ మధ్యలో నిలబెట్టి, మిగతా అందరినీ దానితో పోల్చి మంచి చెడ్డలు లెక్కకట్టడం ఎథ్నోసెంట్రిజం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న సామెతను ఒక జాతి మొత్తానికి వర్తింపజేస్తే దాదాపు ఇదే వస్తుంది.

ఈ గుణం యూరోపియన్ల సొత్తేమీ కాదు. ఇన్యూయిట్, డెనే, లెనాపే లాంటి ఎన్నో జాతుల పేర్లకు వారి భాషల్లో అర్థం 'మనుషులు' అనో, 'అసలైన మనుషులు' అనో వస్తుంది. తాము మనుషులమైతే పక్కవాళ్లు ఎవరన్న ప్రశ్న అందులోనే ఉంది. కాబట్టి స్వజాతి కేంద్రీయత ఉన్నంత మాత్రాన యుద్ధం రాదు. ఒక పక్షం చేతికి తన కొలబద్దనే అందరికీ చట్టం చేసే బలం వచ్చినప్పుడు ఘర్షణ మొదలవుతుంది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. స్వజాతి కేంద్రీయత అనగానే ద్వేషం గుర్తొస్తుంది. చరిత్రలో ఎక్కువ నష్టం చేసింది మాత్రం ద్వేషం కాదు, చూపు ఆనకపోవడం. ఎదుటివాడిది వేరే పద్ధతి అని గుర్తించడానికి బదులు, వాడికి పద్ధతే లేదని నమ్మడం.

## పందులు, మొక్కజొన్న, కంచె

17వ శతాబ్దంలో ఉత్తర అమెరికా ఈశాన్య తీరంలోని న్యూ ఇంగ్లండ్‌కు వచ్చిన ఇంగ్లిష్ వారి దృష్టిలో పొలానికి కొన్ని గుర్తులుండాలి. చుట్టూ కంచె, పక్కన ఇల్లు, కొట్టంలో పశువులు. అక్కడి అల్గాంక్వియన్ జాతుల పొలాలకు ఈ గుర్తులు లేవు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసేవారు. కొన్నేళ్లయ్యాక నేలను వదిలి వేరే చోట సాగు చేసేవారు. చేపల కాలంలో ఏటి ఒడ్డుకు, వేట కాలంలో అడవికి మకాం మార్చేవారు. ఎవరు ఎక్కడ సాగు చేయాలి, ఎక్కడ చేపలు పట్టాలి, ఎక్కడ వేటాడాలి అన్నదానికి కచ్చితమైన కట్టుబాట్లుండేవి. కంచె మాత్రం ఉండేది కాదు.

మసాచుసెట్స్ కాలనీ గవర్నర్‌గా పనిచేసిన జాన్ విన్‌త్రాప్ 1629లోనే దీనికో వాదన తయారుచేశారు. ఈ మనుషులు భూమికి కంచె వేయలేదు, స్థిర నివాసం లేదు, నేలను బాగుచేసే పశువులు లేవు. కనుక వారికి చాలినంత వదిలితే మిగతాది తీసుకోవచ్చు. ఆయన లెక్కలో భూమికి యజమాని అంటే కంచె వేసినవాడు.

పని విషయంలోనూ ఇలాగే జరిగింది. అక్కడ సాగు ఆడవాళ్ల చేతిలో ఉండేది, మగవాళ్లు వేటకు, చేపలకు వెళ్లేవారు. ఇంగ్లండ్‌లో వేట దొరల కాలక్షేపం. అందుకని మూలవాసుల మగవాళ్లు వలస వచ్చినవారి కంటికి సోమరులుగా, ఆడవాళ్లు బానిసలుగా కనిపించారు. రోజుల తరబడి మంచులో జింక వెంట నడిచి ఇంటిల్లిపాదికీ మాంసం తెచ్చేవాడు కూడా ఆ లెక్కలో పని చేయనట్టే.

ఇక పశువులు. ఇంగ్లిష్ వాళ్లు పందుల్ని, ఆవుల్ని అడవిలోకి వదిలేసేవారు. అవి మొక్కజొన్న చేలలో పడి మేసేవి. నేలలో దాచిన గింజల గోతుల్ని తవ్వేసేవి. సముద్రపు ఒడ్డున ఆల్చిప్పలున్న బురదను కూడా పందులు వదల్లేదు. నష్టపరిహారం అడిగితే కోర్టు నుంచి వచ్చే ప్రశ్న ఒకటే: మీ చేనుకు కంచె ఉందా? పశువును కట్టేయడం పశువు గలవాడి బాధ్యత కాదు, చేనును కాపాడుకోవడం చేను గలవాడి బాధ్యత అన్నది ఆ కాలనీల్లో రూలు. పశువులే లేని సమాజానికి కంచె అవసరం ఎందుకొస్తుందని అడిగే నాథుడు లేడు.

1675 జూన్‌లో అల్గాంక్వియన్ జాతుల్లో ఒకటైన వాంపనోగ్‌ల నాయకుడు మెటకామ్, ఇంగ్లిష్ వారు కింగ్ ఫిలిప్ అని పిలిచిన వ్యక్తి, రోడ్ ఐలాండ్ డిప్యూటీ గవర్నర్ జాన్ ఈస్టన్‌తో కూర్చుని తమ వారి ఫిర్యాదులు చెప్పించాడు. అందులో ఒకటి పశువుల గురించే. ముప్ఫై మైళ్లు దూరం జరిగినా మొక్కజొన్నను కాపాడుకోలేకపోతున్నామని, కంచెలు వేసే అలవాటు తమకు లేదని వాళ్లు చెప్పారు. ఇంకో వింత ఏమిటంటే, మెటకామ్ కూడా ఇంగ్లిష్ వారిలా పందుల్ని పెంచి చూశాడు. 1669లో పోర్ట్స్‌మత్ పట్టణం వాళ్లు ఆ పందుల్ని అక్కడి హాగ్ ఐలాండ్ నుంచి తీసేయమన్నారు. ఆ దీవి పేరుకు అర్థమే పందుల దీవి.

ఈస్టన్‌తో మాటలు జరిగే సమయానికే ఇంకో నిప్పు అంటుకుంది. ఒక హత్య కేసులో ప్లిమత్ అనే ఇంగ్లిష్ కాలనీ కోర్టు ముగ్గురు వాంపనోగ్‌లను విచారించి ఉరితీసింది. చనిపోయినవాడు, నిందితులు అందరూ మూలవాసులే. తమవాళ్ల మధ్య జరిగిన వ్యవహారంలో ఇంగ్లిష్ కోర్టుకు ఏం పని అన్నది వాంపనోగ్‌ల ప్రశ్న. తమది తప్ప ఇంకో న్యాయం ఉండగలదన్న ఊహ ప్లిమత్‌కు లేదు. కొన్ని రోజుల్లోనే యుద్ధం మొదలైంది. 1676 ఆగస్టులో మెటకామ్ చనిపోయాడు. పట్టుబడిన వాళ్లలో చాలామందిని బానిసలుగా కరీబియన్ దీవులకు అమ్మేశారు. 1621లో ప్లిమత్ వలసవాసులు నిలదొక్కుకోవడానికి సాయపడింది ఈ మెటకామ్ తండ్రే.

## 'ఎవరూ లేని' ఖండం

న్యూ ఇంగ్లండ్‌లో కంచె లేకపోతే హక్కు తగ్గింది. ఆస్ట్రేలియాలో మనుషులే లెక్కలోకి రాలేదు. 1770లో జేమ్స్ కుక్ తూర్పు తీరాన్ని బ్రిటిష్ రాజు పేర తీసుకున్నప్పుడు అక్కడివారితో ఒప్పందం లేదు. 1788లో తొలి ఓడలు సిడ్నీ రేవులో దిగినప్పుడూ లేదు. ఖండమంతా యజమాని లేని నేల అన్న ఊహ మీదే ఆ తర్వాతి భూమి చట్టం నడిచింది.

1835లో జాన్ బ్యాట్‌మన్ అనే వలసవాసి, నేటి మెల్‌బోర్న్ ప్రాంతంలో అక్కడి మూలవాసులైన కూలిన్ పెద్దలతో ఒప్పందం రాయించుకున్నాడు. దుప్పట్లు, కత్తులు, అద్దాలు, పిండి లాంటివి ఇచ్చి సుమారు ఆరు లక్షల ఎకరాలు తీసుకున్నానన్నాడు. కూలిన్ వారు అమ్మకం అనుకోలేదని, అతిథిని తమ నేల మీదకు కొంతకాలం రానిచ్చే వేడుకగా చూసి ఉంటారని పరిశోధకులు భావిస్తారు. ఏమైనా మోసం మోసమే. కానీ గవర్నర్ రిచర్డ్ బోర్క్ దాన్ని మోసం అని రద్దు చేయలేదు. ఆ భూమి బ్రిటిష్ రాజుదని, అక్కడివారికి దాన్ని ఇచ్చే హక్కే లేదని రద్దు చేశారు. బ్యాట్‌మన్ మోసపూరితంగానైనా వారిని యజమానులుగా గుర్తించాడు. ప్రభుత్వం అదీ చేయలేదు.

ఈ ఊహ కోర్టులో కూలడానికి 1992 దాకా పట్టింది. టోరెస్ జలసంధిలోని మెర్ దీవికి చెందిన ఎడ్డీ మాబో ఒక యూనివర్సిటీలో తోటమాలిగా పనిచేసేవారు. ఊళ్లో తన కుటుంబ భూమి గురించి చెబుతుంటే, చట్టం ప్రకారం అది ప్రభుత్వానిదని అక్కడి చరిత్రకారులు ఆయనకు చెప్పాల్సి వచ్చింది. ఆయన ఆశ్చర్యపోయారు. మెర్‌లో ప్రతి తోటకూ హద్దులున్నాయి, తరతరాలుగా ఏది ఎవరిదో ఊరందరికీ తెలుసు. 1982లో కేసు వేశారు. 1992 జూన్ 3న ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు తీర్పు ఆయన వైపు వచ్చింది. అప్పటికి ఆయన చనిపోయి నాలుగు నెలలు దాటింది.

## చదివేశాం కాబట్టి విన్నట్టే

స్పెయిన్ దగ్గర దీనికో కాగితం ఉండేది. 1513లో తయారైన రెక్వెరిమియెంతో అనే ప్రకటన. సృష్టి దగ్గర మొదలుపెట్టి, పోప్ ఈ భూముల్ని స్పెయిన్ రాజుకు ఎలా ఇచ్చారో చెప్పి, లొంగకపోతే యుద్ధం చేస్తామని, ఆ యుద్ధంలో జరిగే చావులకు తప్పంతా మీదేనని ముగుస్తుంది. దాడికి ముందు దీన్ని చదవాలి. వినేవారికి స్పానిష్ రాకపోయినా, ఊరు ఖాళీగా ఉన్నా చదివారు. ఓడ మీద నుంచీ చదివారు. దీన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియడం లేదని రాసింది స్పెయిన్‌కే చెందిన మతగురువు బార్తొలోమే దె లాస్ కాసాస్.

ఇది ఉత్త నాటకమని కొట్టిపారేయొచ్చు. కానీ నాటకం ఎవరి కోసం? మూలవాసుల కోసం కాదు, తమ మనస్సాక్షి కోసం, తమ చట్టం కోసం. స్వజాతి కేంద్రీయత ఆక్రమణకు చేసే పెద్ద సాయం ఇక్కడే ఉంది. ఆక్రమించేవాడికి తాను తప్పు చేస్తున్నట్టు అనిపించదు.

1532 నవంబర్ 16న పెరూలోని కహమార్కాలో ఈ తంతు చిన్న దృశ్యంగా జరిగింది. స్పానిష్ దళానికి నాయకుడైన పిజారో దగ్గర 168 మంది ఉన్నారు. మతగురువు వాల్వెర్దె, ఇంకాల చక్రవర్తి అతావాల్పా ముందుకు వెళ్లి తన మతం గురించి చెప్పి, చేతిలోని పుస్తకం ఇచ్చాడు. అతావాల్పా దాన్ని తిప్పి చూసి నేల మీద పడేశాడు. ఇంకాలకు లిపి లేదు, ముడులు వేసిన తాళ్లతో లెక్కలు రాసుకునేవారు. ఆయన చేతిలో అది ఒక వింత వస్తువు. స్పానిష్ వారి కళ్లకు అది దైవద్రోహం. ఫిరంగి పేలింది, సాయంత్రానికి వేలమంది చచ్చిపడి ఉన్నారు.

## ఒకే ఒప్పందం, రెండు పాఠాలు

మళ్లీ వైటాంగికి. 1840 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రతినిధి ఇంగ్లిష్‌లో రాసిన ఒప్పందాన్ని మిషనరీ హెన్రీ విలియమ్స్, ఆయన కొడుకు ఎడ్వర్డ్ ఒక్క రాత్రిలో మావోరీలోకి మార్చారు. ఇంగ్లిష్ పాఠం ప్రకారం మావోరీ నాయకులు సార్వభౌమాధికారాన్ని బ్రిటిష్ రాణికి అప్పగించారు. మావోరీ పాఠంలో ఆ చోట ఉన్న మాట 'కావనతంగ'. గవర్నర్ అన్న మాటను మావోరీ పలుకుబడిలోకి తెచ్చి చేసిన పదం. బైబిలు అనువాదంలో రోమన్ అధికారి పిలాతును 'కావన' అనేవారు. అంటే పైన ఒక ప్రభువు ఉండగా కింద పనిచేసే అధికారి. రెండో నిబంధనలో భూముల మీద, ఊళ్ల మీద, విలువైన వాటన్నిటి మీద నాయకుల 'రంగతిరతంగ', అంటే పెత్తనం, వారికే ఉంటుందని రాశారు. ఐదువందల మందికి పైగా నాయకులు సంతకం చేస్తే, వారిలో ఇంగ్లిష్ పాఠం మీద చేసింది 39 మందే.

గవర్నర్ వస్తాడు, తనవాళ్లను అదుపులో పెడతాడు, మా పెత్తనం మాకుంటుంది అని ఒక పక్షం అనుకుంది. దేశం మాదైంది అని రెండో పక్షం అనుకుంది. సంతకం చేసినవారిలో ఒకడైన హోనె హెకె, బ్రిటిష్ జెండా కర్రను 1844, 45లో నాలుగుసార్లు నరికించాడు. అసలు పెద్ద యుద్ధాలు 1860లలో వచ్చాయి. ఆ వ్యవధికి కారణం జనసంఖ్య. 1840లో వలస వచ్చినవారు పిడికెడు మంది, మావోరీల మాట వినకపోతే బతకలేరు. 1858 నాటికి వారే ఎక్కువయ్యారు. 1863లో వైకాటో మీద సైన్యం నడిచింది, వెనకే భూముల జప్తు చట్టం వచ్చింది. అపార్థం ఇరవై ఏళ్లుగా ఉన్నదే, బలాబలాలు మారాక అది తుపాకీ దాకా వెళ్లింది.

## కానుకా, లంచమా?

బలాబలాల సంగతి ఇంకా స్పష్టంగా కనిపించేది ఉత్తర అమెరికా గ్రేట్ లేక్స్ ప్రాంతంలో. అక్కడ ఫ్రెంచ్ వారు బొచ్చు చర్మాల వ్యాపారం చేసేవారు. మూలవాసుల్ని 'అనాగరికులు' అనే పిలిచేవారు, ఆ మాటలో బ్రిటిష్ వారికేం తీసిపోలేదు. కానీ సంఖ్యలో తక్కువ, చర్మాలు రావాలంటే మూలవాసులే దిక్కు. అందుకని వారి మర్యాదలు నేర్చుకున్నారు. ఏటా కానుకలిచ్చేవారు. హత్య జరిగితే హంతకుణ్ణి ఉరితీయాలని పట్టుబట్టకుండా, చనిపోయినవారి బంధువులకు కానుకలిచ్చి దుఃఖాన్ని కప్పే అక్కడి పద్ధతికి చాలాసార్లు సర్దుకున్నారు.

1760లో మాంట్రియల్ బ్రిటిష్ చేతికి వచ్చింది. సేనాధిపతి జెఫ్రీ ఆమ్‌హర్స్ట్ ఖర్చు తగ్గించే పనిలో పడి కానుకలు ఆపేశారు, మందుగుండు అమ్మకానికీ కళ్లెం వేశారు. మంచిగా ఉన్నందుకు లంచం ఇవ్వడమేంటన్నది ఆయన తర్కం. మూలవాసుల లెక్కలో కానుక అంటే చుట్టరికం. దాన్ని ఆపడమంటే బంధం తెంచుకోవడం, ఇంకా చెప్పాలంటే యుద్ధానికి సైగ. 1763 మే నెలలో ఒడావా నాయకుడు పాంటియాక్ డెట్రాయిట్ కోటను ముట్టడించాడు. ఆ వేసవిలో ఎనిమిది బ్రిటిష్ కోటలు పడిపోయాయి. ఫోర్ట్ పిట్‌లో మశూచి రోగుల దుప్పట్లు మూలవాసుల చేతికిచ్చిన ఘటన ఈ యుద్ధంలోదే. చివరికి ఆమ్‌హర్స్ట్‌ను వెనక్కి పిలిపించారు, కానుకలు మళ్లీ మొదలయ్యాయి.

ఫ్రెంచ్ వారికి పక్షపాతం లేదని కాదు, దాన్ని చట్టం చేసేంత తీరిక, బలం వారికి లేవు. ఇచ్చిపుచ్చుకోవడం తప్పనిసరైన చోట స్వజాతి కేంద్రీయత మాటల దగ్గరే ఆగిపోతుందనడానికి ఇంతకన్నా మంచి పోలిక దొరకదు.

## బాగుచేసే పట్టుదల

యుద్ధాలు ముగిశాక ఘర్షణ బడిలోకి మారింది. 1879లో పెన్సిల్వేనియాలోని ఒక పాత సైనిక బ్యారక్‌లో కార్లైల్ ఇండియన్ స్కూల్ తెరిచిన రిచర్డ్ హెన్రీ ప్రాట్, మూలవాసుల్ని తుడిచిపెట్టాలన్న వాదనకు వ్యతిరేకి. వారూ అందరిలా చదువుకోగలరని నమ్మిన మనిషి. కానీ 'అందరిలా' అంటే ఆయన దృష్టిలో తెల్లవారిలా అనే. లకోటా అనే మూలవాసీ జాతి పిల్లాడొకడిని నల్లబల్ల దగ్గరకు తీసుకెళ్లి, పుల్ల చేతికిచ్చి, దాని మీదున్న గీతల్లో ఒకదాన్ని చూపించమన్నారు. వాడికి చదవడం రాదు. ఏదో ఒకటి చూపించాడు. అది 'లూథర్' అట. ఆ పిల్లాడే తర్వాత రచయితగా పేరొందిన లూథర్ స్టాండింగ్ బేర్. జుట్టు కత్తిరించడమూ అలాంటిదే. బడి లెక్కలో అది శుభ్రత. లకోటాలు జుట్టు కోసుకునేది ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు.

కెనడాలో రెసిడెన్షియల్ స్కూళ్లకు సుమారు లక్షా యాభై వేలమంది పిల్లల్ని పంపారు. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అదే కెనడా 1885 నుంచి 1951 దాకా పోట్లాచ్ వేడుకను నిషేధించింది. పశ్చిమ తీరంలో పోట్లాచ్ అంటే కూడబెట్టిందంతా అతిథులకు పంచి, ఆ సాక్షుల ముందు పేరు, వారసత్వం, హక్కులు ఖాయం చేసుకోవడం. ఆ సమాజానికి అదే రిజిస్ట్రార్ ఆఫీసు. ప్రభుత్వానికి అది దుబారాగా మాత్రమే కనిపించింది.

అమెరికాలో 1887 నాటి డాస్ చట్టం ఉమ్మడి భూముల్ని ముక్కలు చేసి కుటుంబ పెద్దకు 160 ఎకరాల చొప్పున పంచింది. సొంత ముక్క ఉంటే నాగరికత వస్తుందన్నది సిద్ధాంతం. పంచగా మిగిలింది 'అదనపు' భూమి అయి బయటివారికి అమ్ముడుపోయింది. మూలవాసుల చేతిలో 13.8 కోట్ల ఎకరాలున్నది 1934 నాటికి 4.8 కోట్లకు పడిపోయింది.

## అయితే అసలు కారణం ఆశ కాదా?

ఈ వాదనకు బలమైన అడ్డు, అమెరికా ఆగ్నేయంలోని మూలవాసులైన చెరోకీల కథ. వాళ్లు కొలబద్దకు సరిపోయారు. సెక్వోయా 1821కల్లా సొంత లిపి తయారుచేశాడు. 1827లో రాతపూర్వక రాజ్యాంగం, 1828లో పత్రిక వచ్చాయి. నాగళ్లు, కంచెలు, చర్చిలు, చివరికి తెల్లవారిని చూసి నల్లజాతి బానిసల్ని ఉంచుకోవడం కూడా వచ్చింది. అయినా 1830లో తరలింపు చట్టం ఆగలేదు. జార్జియాలో బంగారం బయటపడి అప్పటికి ఏడాదే అయింది. 1832లో సుప్రీంకోర్టు చెరోకీల పక్షాన తీర్పు చెప్పినా లాభం లేకపోయింది. 1838–39లో సుమారు 16,000 మందిని పడమటికి నడిపిస్తే, నాలుగు వేలమంది దాకా చనిపోయారని అంచనా.

అంటే 'నాగరికత' సాకేనా? చాలావరకు సాకే. కానీ సాకు లేకుండా ఆశ ఒక్కటే ఓటర్లను, జడ్జిలను, మతగురువులను ఒప్పించలేదు. చెరోకీలు నాగరికులు కాదని అనడానికి వీల్లేకపోయాక, తెల్లవారి మధ్య ఉంటే వాళ్లు నశించిపోతారు, దూరం పంపడమే వారికి మేలు అన్న మాట ముందుకొచ్చింది. సరిపోయినవాడి కోసం కొలబద్దను మార్చారు.

## ఇంకా తెగని లెక్కలు

2007 సెప్టెంబర్ 13న మూలవాసుల హక్కుల ప్రకటనను ఐక్యరాజ్యసమితి ఆమోదించినప్పుడు 144 దేశాలు సరే అన్నాయి. వద్దన్నవి నాలుగు: ఆస్ట్రేలియా, కెనడా, న్యూజీలాండ్, అమెరికా. ఆ తర్వాత నాలుగూ మనసు మార్చుకున్నాయి. క్రైస్తవ రాజ్యాలు కనుగొన్న భూమి వారిదేనంటూ 15వ శతాబ్దపు పోప్ పత్రాల ఆధారంగా పుట్టిన 'ఆవిష్కరణ సిద్ధాంతం' తమది కాదని వాటికన్ 2023 మార్చిలో ప్రకటించింది.

అయినా పాత చూపు పూర్తిగా పోలేదు. 2020 మే నెలలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని జూకన్ గార్జ్‌లో రియో టింటో కంపెనీ ఇనుప ఖనిజం కోసం రాతి గుహల్ని పేల్చేసింది. మనుషులు అక్కడ 46,000 ఏళ్లుగా మసలిన ఆనవాళ్లున్నాయి. దొరికిన వాటిలో నాలుగు వేల ఏళ్ల నాటి జుట్టు జడ ముక్క ఒకటి, దాని డీఎన్ఏ ఇప్పుడు అక్కడున్న వారితో కలిసింది. పేల్చివేత చట్టవిరుద్ధం కాదు, 2013లోనే అనుమతి వచ్చింది. గొడవ పెరిగాక కంపెనీ సీఈఓ తప్పుకున్నారు.

ఇక లకోటాల బ్లాక్ హిల్స్. 1868 ఒప్పందంలో అవి వారివేనని అమెరికా రాసిచ్చింది. 1874లో బంగారం కనిపించింది, 1877లో లాగేసుకుంది. 1980లో సుప్రీంకోర్టు అది అన్యాయమని ఒప్పుకుని, అప్పటి ధర, వడ్డీ కలిపి పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖాయం చేసింది. కోర్టు లెక్కలో అక్కడితో కేసు ముగిసింది. లకోటాలు ఆ డబ్బు తీసుకోలేదు. కొండలు అమ్మకానికి లేవు అన్నారు, ఇప్పటికీ అదే అంటున్నారు. వారిలో చాలామంది అమెరికాలోకెల్లా పేద ప్రాంతాల్లో బతుకుతున్నారు. ప్రభుత్వ ఖాతాలో ఆ సొమ్ము వడ్డీతో పెరిగి వంద కోట్ల డాలర్లు దాటింది, తీసుకునేవారు లేక అలాగే ఉంది.